ఆమె ఖాళీగా లేదు

ఆమె కాలు పట్టేసింది మీ వల్లే.

సూపర్‌వైజర్ గారూ, మీ వల్ల. పైన నాలుగో అంతస్తులో కూర్చునే ఆఫీసర్ మేడమ్ గారూ, మీ వల్ల. మొన్న ఆదివారం ఇల్లు మారిన ఆడపడుచు గారూ, మీ వల్ల. మడతల బల్ల చుట్టూ నిలబడి, "ఈమెకేం, ఇప్పుడు ఖాళీయే కదా" అనుకున్న మా పదకొండు మంది వల్ల. ఆ పదకొండులో నేనూ ఉన్నాను. నా తప్పు దగ్గరికీ వస్తాను, దాటేసి పోను.

ముందు ఆమె ఎవరో చెప్పాలి. మా ఆసుపత్రి అడుగున, కిటికీ లేని అంతస్తులో బట్టలుతికే విభాగం ఉంది. వార్డుల దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదుల ఆకుపచ్చ గౌన్లు అన్నీ అక్కడికే దిగుతాయి. డ్రమ్ములు ఉతుకుతాయి, ఆరబెట్టే యంత్రాలు ఆరబెడతాయి, ఆ తర్వాత దుప్పటి రోలర్ దగ్గరికి వస్తుంది. రోలర్ అంటే రెండు వేడి ఇనుప దుంగలు. వాటి మధ్యకి దుప్పటి అంచు రెండు కొసలూ సమంగా పట్టి పంపాలి. వంకర పోతే ముడత, ఆలస్యమైతే మాడు వాసన, ఏమరుపాటుగా ఉంటే వేళ్ళే పోతాయి. అటు మేము పదకొండు మందిమి అందుకుని మడతలు పెడతాం. ఇటు ఆమె ఒక్కతే నిలబడి పంపుతుంది. పదమూడేళ్ళుగా అదే చోటు. కింద తడి నేల, ముందు వేడి ఇనుము, కూర్చోవడానికి ఒక స్టూలు కూడా లేదు. అడిగితే, "కూర్చుంటే నిద్రొస్తుంది" అన్నారు.

మేమంతా ఆమెని బాతు అంటాం. నలభై ఒక్కేళ్ళ మనిషిని అలా పిలవడం ఏమిటంటే, ఆరేళ్ళ కిందట నడుము నొప్పికి ఈత కొట్టమని డాక్టర్ చెప్పాడు. మొదటిరోజు చెరువెడు నీళ్ళు మింగి, ముక్కు ఎర్రగా చేసుకుని, తడి జుట్టుతో డ్యూటీకి వచ్చింది. అప్పుడు పెట్టిన పేరు. ఎగతాళికి పెట్టాం, అది కాస్తా బిరుదై కూర్చుంది. ఈత తర్వాత సైకిల్ పట్టింది, సైకిల్ తర్వాత పరుగు. ఈ ఆదివారం పరాయి దేశంలో ఆమెకి పోటీ ఉంది. సముద్రంలో దాదాపు నాలుగు కిలోమీటర్లు ఈదాలి. ఒడ్డెక్కి ఆ ఒంటితోనే నూట ఎనభై కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి. సైకిల్ దిగి నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తాలి. అన్నీ కలిపి పదిహేడు గంటల్లో ముగించాలి, ఒక్క నిమిషం దాటినా రానట్టే. దాన్ని ట్రయథ్లాన్ అంటారట. మా బల్ల దగ్గర మూడు చావులు అంటారు.

ఆమెకి నేర్పింది ఈత కొలను దగ్గర విజిల్ వేసుకుని కూర్చునే ముసలాయన, ఈత మాస్టారు. ఆయన ఏ పోటీకీ వెళ్ళిన మనిషి కాదు. పాత పుస్తకాలు తెచ్చుకుని చదివి, గళ్ళ కాగితం మీద ఏడాది పాటు రోజుకొక గడి రాసిచ్చాడు. అది ఆమె వంటింటి బీరువా తలుపుకి అంటించి ఉంటుంది. ఏ గడిలో చూసినా రెండు గంటలు, నాలుగు గంటలు, ఆరు గంటలు. ఆఖరి రెండు వారాల గడుల్లో మాత్రం అంకెలు చిక్కిపోయాయి. "సాయంత్రం ఇరవై నిమిషాల ఈత. తర్వాత కాళ్ళు గోడకి ఎత్తి పెట్టు." ఒక గడిలో ఇలా ఉంది: "ఏమీ చేయకు. నిజంగా ఏమీ చేయకు."

ఇది బద్ధకం కాదు. ఏడాది పొడుగునా చితికిన కండలు ఆ రెండు వారాల్లోనే కూడుకుంటాయి. విత్తనం వేసినవాడు మొలకొచ్చిందా లేదా అని రోజూ తవ్వి చూస్తాడా? చూస్తే ఏమవుతుంది? అదే అయింది. తవ్వింది మనం.

ఎలాగంటే, ఏడాది పొడుగునా ఆమె తెల్లవారుజామునే ఈదేసి, తడి జుట్టుతో డ్యూటీకి వచ్చేది. వెనక చొక్కా తడిసి ఉండేది. దాన్ని చూసే మేం ఆమెకి పని ఎక్కువ చెప్పేవాళ్ళం కాదు. పాపం ఇప్పటికే ఒక షిఫ్టు చేసొచ్చింది అనుకునేవాళ్ళం. గత వారం సోమవారం ఆమె పొడి జుట్టుతో వచ్చింది. చక్కగా దువ్వుకుని, జడ వేసుకుని. అంతే, ఆ జడే ఆమె కొంప ముంచింది.

మా తలుపు పక్కన ఒక పలక ఉంది. అందరి పేర్లూ ఉంటాయి. ఎవరైనా ఆ రోజు ఖాళీ అయితే, అంటే అదనంగా నిలబడగలిగితే, పేరు పక్కన సున్నా చుట్టుకుంటారు. ఎవరి సున్నా వాళ్ళే చుట్టుకోవాలి, అది మా ఆనవాయితీ. ఆ సోమవారం సూపర్‌వైజర్ తనే సుద్దముక్క తీసుకుని ఆమె పేరు పక్కన సున్నా చుట్టాడు.

"ఏమ్మా బాతూ, తల పొడిగా ఉంది. నీళ్ళలోకి దిగలేదా?"

"లేదు సార్. ఈ రెండు వారాలూ తక్కువ చేయాలి."

"అంటే ప్రాక్టీసు అయిపోయిందన్నమాట."

"అయిపోవడం కాదు సార్, విశ్రాంతి. అది కూడా ప్రాక్టీసే అంటారు మా మాస్టారు."

"పడుకోవడం కూడా ప్రాక్టీసయితే మా బావమరిది ఈపాటికి ప్రపంచ చాంపియన్."

అందరం నవ్వాం. నేను కూడా. ఆయన అదే ఊపులో, రెండో షిఫ్టు రోలర్ మనిషికి మోకాలి ఆపరేషన్ అయింది కాబట్టి ఆమె పని కూడా ఈమే చూసుకుంటుందని చెప్పేశాడు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. ఎనిమిది గంటల మనిషి పన్నెండు గంటల మనిషైంది. ఎవరూ నోరెత్తలేదు. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా.

ఇప్పుడు నా సంగతి. మా విభాగంలో నన్ను అర్జీ అంటారు. ఏ చిన్న అన్యాయం కనిపించినా కాగితం తీసి రాస్తానని. మేం సంఘం పెట్టుకుంటే నన్నే ముందుకు తోశారు. మొన్న శనివారం మధ్యాహ్నం మాకు పైన మీటింగు. పనివాళ్ళు కాసేపు నడుం వాల్చడానికి ఒక గది కావాలని మూడేళ్ళుగా అడుగుతున్నాం, దాని గురించి. నా చోట ఎవరైనా నిలబడాలి.

"అక్కా, రెండు గంటలు నా మడతలు కూడా చూడు. నువ్వెలాగూ ఈ మధ్య తీరిగ్గానే ఉన్నావుగా."

ఆమె నా ముఖం వైపు చూసింది. "వెళ్ళు తమ్ముడూ. మంచి పని మీద వెళ్తున్నావు."

రెండు గంటలన్నది నాలుగైంది. విశ్రాంతి గది కోసం అర్జీ పట్టుకుని పోతూ, ఉన్న ఒక్క మనిషి విశ్రాంతినీ చంకన పెట్టుకుపోయాను. గదీ రాలేదు. "పరిశీలిస్తాం" అన్నారు. నేను కిందికి వచ్చేసరికి ఆమె ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి మడమని పిక్కకేసి రుద్దుకుంటోంది. చూశాను. చూసి కూడా, "ఏమక్కా కొంగలా నిలబడ్డావు, బాతువి కదా" అన్నాను. నా నోట్లో మన్నుకొట్ట.

ఆదివారం సెలవు. మాస్టారి కాగితంలో "నిజంగా ఏమీ చేయకు" అని ఉన్న గడి అదే. ఆ రోజు సంగతి ఆమె భర్త చెప్పాడు నాకు. ఆయన తాళాలు బాగుచేసే మనిషి. పొద్దున్నే సైకిల్ విప్పి అట్టపెట్టెలో సర్దుతున్నాడట. ఎడమ పెడల్ ఎంతకీ ఊడి రాక తిట్టుకుంటున్నాడు. అది మామూలు మరల్లా కాదు, ఎదురు తిప్పాలి. ఆమె మంచం మీద కాళ్ళు గోడకి ఎత్తిపెట్టుకుని, "అటు కాదు, ఇటు తిప్పు. ఊరందరి తాళాలూ తీస్తావు, పెళ్ళాం పెడల్ తీయలేవా" అని నవ్వుతోంది. అప్పుడొచ్చింది ఆడపడుచు.

"ఏంటి వదినా, పొద్దున్నే కాళ్ళు పైకి, తల కిందికీ?"

"మాస్టారు చెప్పారమ్మాయ్. ఈ వారం కదలొద్దన్నారు."

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. నువ్వు పడుకుని తింటున్నావు. లే లే, ఇల్లు మారుతున్నామని చెప్పానుగా. కూలీలు ఇద్దరే వచ్చారు."

"ఒసే, దాన్ని వదిలేయవే. గురువారం ప్రయాణం," అన్నాడట ఈయన.

"నూట ఎనభై కిలోమీటర్లు తొక్కే మనిషికి మూడు మేడలు ఒక లెక్కా అన్నయ్యా? మేమంటే ఆయాసపడేవాళ్ళం. వదినకేం, ఉక్కు."

అదీ మీ తర్కం. బలమున్నవాడికి నొప్పి ఉండదు. ఎద్దు పుండు కాకికి నొప్పా? మూడో అంతస్తు నుంచి బీరువా దించారు. లిఫ్టు లేదు. మెట్ల మలుపు దగ్గర కూలీ చెయ్యి జారితే, ఆ బరువంతా ఒక్క క్షణం ఆమె కుడికాలి మీద ఆగింది. బీరువా కింద పెట్టి, మళ్ళీ పైకెళ్ళి గిన్నెల మూటలు కూడా తెచ్చిందట.

"నువ్వెందుకు పంపావు బావా?" అని అడిగాను.

"నేను పంపలేదు. తనే లేచింది. వద్దంటే, 'ఊరికే పడుకుంటే దొంగతనం చేసినట్టుంది' అంది. దొంగతనమంట. పదమూడేళ్ళు పని చేసిన మనిషి."

సోమవారం నాలుగో అంతస్తు వంతు. ఆఫీసర్ మేడమ్ గారు కింద గేటు వైపు లిఫ్టు పక్కన నిలువెత్తు బొమ్మ పెట్టించారు. అందులో బాతు నవ్వుతూ ఉంటుంది, కింద "మా ఆసుపత్రి ఉక్కు మనిషి" అని ఉంటుంది. దానికి తోడు ఇంకో ఫొటో కావాలన్నారు. సైకిల్ అట్టపెట్టెలో ఉందంటే వ్యాయామ గదిలో రోగులు తొక్కే సైకిల్ తెప్పించారు. గంటసేపు తొక్కించారు. చెమట సరిగ్గా పడలేదని ముఖం మీద నీళ్ళు చల్లారు. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు, నీళ్ళ సీసా పట్టుకున్నది మా బల్ల మనిషే.

"మీరు మా అందరికీ స్ఫూర్తి అమ్మా."

"మేడమ్, మంగళ, బుధ రెండు రోజులు సెలవిస్తే..."

"గురువారం నుంచి ఇచ్చాం కదా. రూల్స్ అందరికీ ఒకటే. కొంచెం గడ్డం పైకెత్తండి."

గడ్డం పైకెత్తింది. ఆ కాలితోనే కిందికి దిగి, సాయంత్రం ఆరు దాకా నిలబడింది.

ఇవాళ మంగళవారం. పొద్దున పదిన్నరకి ఆమె దుప్పటి అంచు పట్టుకుని, రెండు చేతులూ చాచి, మునివేళ్ళ మీద లేచింది. పెద్ద దుప్పట్లకి అలా లేవాలి. లేచిన మనిషి దిగలేదు. కుడి పిక్క బండలా బిగుసుకుపోయింది. దుప్పటి వదిలేసి రోలర్ వైపు పడబోయింది. వేడి ఇనుము మీద చెయ్యి పడేదే, డ్రమ్ముల మనిషి నడుం పట్టి వెనక్కి లాగాడు. నేలమీద కూలబడింది. పిక్కలో కండ చర్మం కింద ఎలుకలా కదులుతోంది. మేం పదకొండు మందిమీ చుట్టూ నిలబడి చూశాం. చూడటంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరు.

నేను ఫోన్ చేస్తే ఈత మాస్టారు విజిల్ మెడలో ఉండగానే వచ్చేశాడు. నేలమీద గొంతుక్కూర్చుని, పిక్క మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా పైనుంచి కిందికి జరిపాడు. ఒకచోట ఆమె పళ్ళు బిగించింది.

"ఇక్కడేనా?"

"ఊఁ."

"టప్ మని చప్పుడేమైనా వినపడిందా?"

"లేదు మాస్టారూ."

"బతికావు. తెగలేదు, లాగేసింది." ఆయన మోకాళ్ళ మీద చేతులు వేసుకుని నావైపు తిరిగాడు. "ఈ క్షణం నుంచి ఆదివారం దాకా ఈ కాలి మీద బరువు పడకూడదు. బాత్రూముకి, ప్రయాణానికి తప్ప లేవకూడదు. అలా ఉంటే నీళ్ళలోకి దిగుతుంది, దిగితే ముగిస్తుంది. నాకు తెలుసు. ఇంకొక్క షిఫ్టు నిలబడిందా, ఆ కండ తెగుతుంది. ఆర్నెల్లు కర్ర పట్టుకుని నడవాలి." మళ్ళీ ఆమెకేసి తిరిగాడు. "కాగితంలో ఏం రాశాను? గట్టిగా చదువు."

"ఏమీ చేయకు అని."

"ఇంకా?"

"నిజంగా ఏమీ చేయకు అని."

"ఏం చేశావు?"

ఆమె తల వంచుకుంది. "అందరూ పని చేస్తుంటే నేనొక్కదాన్నీ కాళ్ళెత్తుకుని ఎలా కూర్చోను మాస్టారూ. సిగ్గేసింది."

ఆ మాట విన్నాక నాకు కోపం ఎవరి మీద రావాలో తెలియలేదు. నిలబడి నిలబడి, కూర్చోవడం అంటేనే సిగ్గుపడే మనుషుల్ని తయారు చేశారు. ఆమెకి ఇంతకాలం సముద్రం భయం లేదు, నూట ఎనభై కిలోమీటర్ల ఎండ భయం లేదు. కూర్చోవడానికి భయం. ఆ భయం ఆమె పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. స్టూలు లేని నేల నేర్పింది. నవ్విన మేం నేర్పాం.

అప్పుడొచ్చాడు సూపర్‌వైజర్.

"ఏమైంది? రోలర్ ఎందుకు ఖాళీగా తిరుగుతోంది?"

"అక్క కాలు పట్టేసింది సార్. ఇంటికి పంపుతున్నాం."

"గురువారం నుంచి కదా సెలవు. కాసేపు కూర్చుని లేస్తుందిలే."

"ఎక్కడ కూర్చుంటుంది సార్?" అన్నాను.

ఆయన చుట్టూ చూశాడు. నిజంగానే చూశాడు. కూర్చునే చోటు ఎక్కడా కనపడలేదు. "సరే, ఆ బట్టల మూట మీద," అన్నాడు.

"బుధవారం కూడా రాదు."

"అది నువ్వు చెబితే కాదు అర్జీ. పైనుంచి కాగితం రావాలి. మూడు వార్డుల దుప్పట్లు ఆగిపోతాయి. రోగుల సంగతి ఆలోచించవా?"

రోగుల పేరెత్తితే మేం నోరు మూస్తామని ఆయనకి తెలుసు. పదమూడేళ్ళుగా పనిచేసిన మంత్రం అది. ఈసారి డ్రమ్ముల మనిషి నోరు తెరిచాడు. ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి. "ఉతికిన దుప్పటి, ఆరిన దుప్పటి పంపుతాం సార్. ముడతల దుప్పటి మీద పడుకుని ఏ రోగీ చావలేదు," అన్నాడు. అని, నడుచుకుంటూ పోయి రోలర్ మీట కిందికి లాగాడు. ఆ గదిలో ఆ హోరు ఆగడం నేనెప్పుడూ వినలేదు. చెవులు దిబ్బడేసినట్టైంది.

ఆమెని దుప్పట్లు మోసే తోపుడు బండిలో కూర్చోబెట్టాం. కింద ఆరిన దుప్పట్లు పరిచాం, కాలి కింద గౌన్ల మూట పెట్టాం. "నన్ను దించండర్రా, నడుస్తాను, అందరూ చూస్తారు" అంటూనే ఉంది. "చూడనీ" అన్నాడు మాస్టారు. లిఫ్టులో పైకి తెచ్చి, ఆ నిలువెత్తు ఉక్కు మనిషి బొమ్మ ముందు నుంచే తోసుకుపోయాం. గేటు దగ్గర ఆమె భర్త ఆటోతో నిలబడి ఉన్నాడు. ఎత్తి కూర్చోబెడుతుంటే ఆయన భుజం పట్టుకుని నాతో అంది: "తమ్ముడూ, నేను వెళ్తానంటావా?"

అది నేను చెప్పాల్సిన జవాబు కాదు, మీరు చెప్పాల్సింది. అందుకే ఈ కాగితం రాస్తున్నాను. ఒక ప్రతి పలక కింద అంటిస్తాను, ఒకటి నాలుగో అంతస్తుకి పంపుతాను, ఒకటి ఆడపడుచు గారి కొత్త ఇంటి తలుపు కింద నుంచి తోస్తాను. ఇది అర్జీ కాదు. అర్జీలో "దయచేసి" అని ఉంటుంది. ఇందులో వెతకండి, ఉండదు.

ఇప్పుడు మధ్యాహ్నం రెండు. రోలర్ ఆగి మూడు గంటలు దాటింది. వార్డులకి శుభ్రమైన దుప్పట్లు వెళ్తున్నాయి, ముడతలతో వెళ్తున్నాయి. ఎవరైనా అడిగితే నర్సులకి జరిగింది జరిగినట్టు చెబుతున్నాం.

ఆడపడుచు గారూ, మిగిలిన సామాను మీరే మోసుకోండి. గురువారం దాకా మీ అన్నయ్య ఇంటికి వెళ్ళేటట్టయితే వంట చేసిపెట్టడానికి వెళ్ళండి, పిలవడానికి కాదు. మడతల బల్ల మనుషుల్లారా, ఆమె చోట ఒక్కరం కాదు, ఇద్దరేసి చొప్పున గంటకోసారి మారుదాం. నా పేరు ముందు రాసుకున్నాను. ఇక ఎవరైనా ఎవరినైనా ఖాళీగా ఉన్నావుగా అంటే ముందు నాతో మాట్లాడాలి, నేనంటే నా చెంప పగలగొట్టాలి.

సూపర్‌వైజర్ గారూ, ఆఫీసర్ మేడమ్ గారూ. ఆమెకి ఈ పూట నుంచే సెలవు ఇవ్వండి. జీతం కోయకుండా ఇవ్వండి. డ్యూటీలో కాలు పట్టేసిందని అందులో రాయండి, ఇంట్లో జారిపడిందని కాదు. రోలర్ దగ్గర ఇటు ఇద్దరు మనుషుల్ని పెట్టండి, రెండు స్టూళ్ళు వేయండి. కొనాల్సిన పని లేదు, మీ మీటింగు గదిలో గోడ వారగా పద్నాలుగు కుర్చీలు ఊరికే ఉన్నాయి, శనివారం నేనే లెక్కపెట్టుకున్నాను. నాలుగు గంటల్లోపు సంతకం పెట్టిన కాగితం కిందికి రావాలి. దాన్ని నేను సైకిల్ మీద ఆమె మంచం దగ్గరికి తీసుకెళ్ళి చదివి వినిపించాలి. అది వచ్చేదాకా మీట పైకి లేవదు.